కుడి వైపు అంకె

ఆగస్టు 4, సోమవారం

బెల్లంపల్లి నుంచి ఇప్పుడే దిగాను. చెప్పులు విప్పలేదు, నీళ్ళు తాగలేదు. ముందు ఇది రాయాలి.

పాల సంఘం మీటింగు. గోడ మీద తెర. తెర మీద ఊరూరి పాల లెక్క. మైకు నర్సింహారెడ్డి చేతిలో — సంఘానికి ఛైర్మన్, నాకు బామ్మర్ది, నా పెండ్లాం లచ్చవ్వకు సొంత తమ్ముడు, నా బిడ్డ స్వరూపను కోడలు చేసుకున్నవాడు. కరీంనగర్ నుంచి ఒక పిల్ల వచ్చింది. ఆ తెర లెక్కలు తయారు చేసేది ఆమేనట. రాళ్ళగూడ అని నొక్కింది. మా ఊరు. నేను చూసుకునే సెంటరు. ఎడమ వైపు మా పాలలో వెన్న ఎంతో ఒక అంకె. కుడి వైపు సంఘం సగటు అని ఇంకో అంకె. మాది చిన్నది. చుట్టూ ఎర్ర రంగు.

వాడు మైకులోనే అడిగాడు — "ఏం బావా, ఆవును పిండుతున్నవా, బోరును పిండుతున్నవా?"

హాలు హాలంతా నవ్వింది. ముందు వరసలో నా ఈడు వాళ్ళు, వెనక ఆడవాళ్ళు. చాయ్ పోసేవాడు కేటిల్ కింద పెట్టి మరీ నవ్వాడు.

లేచాను. "నర్సిమ్మా, జర సూసి మాట్లాడు" అన్నాను. వాడు తెర చూపించాడు. "నేనెక్కడ మాట్లాడిన బావా, మిషిని మాట్లాడుతుంది."

మళ్ళీ నవ్వు.

ఎర్ర రంగు వచ్చిన ఊర్ల సెంటర్లు మూసేయాలని ఈ నెల మహాసభలో తీర్మానం పెడతారట. అది తర్వాతి మాట. నిండు సభలో నన్ను నీళ్ళు కలిపేవాడిని చేశాడు. అదే సభలో వాడి తల వంచుతాను. వంచకపోతే నాకు ఈ మీసం ఎందుకు.

ఆగస్టు 5

లచ్చవ్వ అంటుంది — "మా తమ్ముడు నవ్వులాటకన్నడు. బావ బామ్మర్దులు అనుకోరా?"

"నవ్వులాటకైతే మైకెందుకే?"

జొన్నరొట్టె పెట్టి లోపలికి పోయింది. తిన్నాను. కోపం కోపమే, రొట్టె రొట్టే.

ఈ డైరీ కొత్త సంవత్సరానికి సంఘం పంచింది. మొదటి పేజీలో వాడి ఫొటో, దండం పెడుతూ. చింపుదామని పట్టుకున్నాను. చింపలేదు. ఉండనీ. తెరిచినప్పుడల్లా కనిపిస్తే కోపం చల్లారదు.

మూడో తరగతితో బడి మానేసినవాడిని. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది. అయినా ఇక్కడే రాస్తాను. నోటితో అంటే లచ్చవ్వ వింటుంది. విని తమ్ముడికి ఫోన్ చేస్తుంది.

ఆగస్టు 6

హోటల్ దగ్గర ఎవడో — "పటేలా, పాలకు మోటరు ఎప్పుడేస్తవ్? కరెంటు ఉన్నప్పుడేనా?"

చాయ్ అట్లాగే వదిలేసి వచ్చాను.

ఆగస్టు 7, గురువారం

ఒకవేళ మా ఊర్లోనే ఎవడన్నా కలుపుతున్నాడా? మా సంఘంలో లీటరు లెక్క. ఆవుకో రేటు, బర్రెకో రేటు. వెన్న ఎక్కువైనా తక్కువైనా అదే రేటు. కలిపేవాడికి బుద్ధి పుట్టే పద్ధతే ఇది. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగాను. పిండేటప్పుడు పక్కన నిలబడ్డాను. బిందె తిరగేసి చూశాను.

పక్కింటి మల్లక్కకు కోపం వచ్చింది. "పొదుగుల చెయ్యి పెట్టి సూడు పటేలా, లోపల నల్లా పైపు ఉందేమో."

ఏమీ దొరకలేదు. దొరకదు. నాకు తెలుసు. గుట్ట మీది ఊరు మాది, అన్నీ ఆవులే. బర్రెకు మడుగు కావాలి, అది మాకు లేదు. అడవిలో మేసి వచ్చే ఆవులు, ఇచ్చేవి కొన్నే పాలు, అవీ పలచన. దేవుడిచ్చిన పలచన. అది నీళ్ళ పలచన ఎట్లా అవుతుంది?

నా ఊరిని నేనే అనుమానించేటట్టు చేశాడు. ఇది కూడా వాడి లెక్కలోనే రాసుకుంటున్నాను.

ఆగస్టు 9, శనివారం

రాఖీ. లచ్చవ్వ పొద్దున్నే చింతలపేట పోయింది, తమ్ముడికి కట్టడానికి. ఆపలేదు. నేను మాత్రం పోలేదు. పెళ్ళయినప్పటి నుంచి పోకపోవడం ఇదే మొదలు.

సాయంత్రం తిరిగి వచ్చింది. స్వరూప పాలకోవా పంపింది. వాడు మాట పంపాడు. "బావకు కోపమొస్తే ఇంకో రెండు ఆవుల్ని కొనుమను అక్కా, పాలు జర చిక్కగైతయి."

లచ్చవ్వ ఆ మాట చెప్తూ నవ్వు ఆపుకుంది. చూశాను.

కోవా ముట్టలేదు.

ఆగస్టు 10

ముందు ఆ కరీంనగర్ పిల్ల పని పట్టాలి. నొక్కింది ఆమె. ఎర్ర రంగు పూసింది ఆమె. రేపు బస్సుకు పోతాను. నాలుగు మాటలు అడిగి, కడిగి వస్తాను.

ఆగస్టు 11, సోమవారం

కరీంనగర్. వంకర లేకుండా అంతా రాయాలి.

ఆఫీసు అంటే మేడ మీద రెండు గదులు. కింద చెప్పుల దుకాణం. పిల్ల పేరు సబీహా. నన్ను గుర్తుపట్టింది. "కూసోండ్రి తాతా" అంది.

"కూసోనీకి రాలే. మా ఊరును దొంగల ఊరు చేసినవ్. ఎవరు చెప్పిండ్రు నీకు? మా బామ్మర్ది చెప్పిండా?"

పిల్లకూ కోపం వచ్చింది. "నాకు ఎవ్వరూ చెప్పలే. సెంటర్ల నుంచి వచ్చిన లెక్కనే తెర మీద పెట్టిన. లెక్కకు మీ బామ్మర్ది తెల్వది, మీరు తెల్వది."

"అయితే సూపియ్యి."

"సూడుండ్రి!"

రాళ్ళగూడ నొక్కింది. అదే ఎరుపు. "మీ ఊరు నొక్కినా వేరే ఊరు నొక్కినా కుడి దిక్కు అంకె కదలొద్దు. అందరికీ ఒక్కటే కొలత ఉండాలె గద. అందుకే దాన్ని అట్ల రాసిన." ఇంకో ఊరు నొక్కింది. ఎడమది మారింది, కుడిది అట్లాగే ఉంది. "సూసిండ్రా? గలత్ ఏముంది?"

"మావి ఆవుపాలు."

"గది గూడ ఉంది తాతా. ఇగో, ఆవు." నొక్కింది. "ఇగో, బర్రె." నొక్కింది. మళ్ళీ ఆవు. మళ్ళీ బర్రె...

మాట ఆగిపోయింది. వేలు మాత్రం ఆడుతోంది. ఆవు, బర్రె, ఆవు, బర్రె.

"యా అల్లా" అంది చిన్నగా.

"ఏమైంది?"

"జర ఆగుండ్రి."

ఆగాను. లోపల ఏదో తెరిచింది, చదువుకుంది, నెత్తి కొట్టుకుంది. తర్వాత కుర్చీ నా వైపు తిప్పుకుని చెప్పింది. కుడి వైపు అంకెకు ఆమె ఒక మాట రాయాలి — ఊరి పేరు నొక్కితే వినకు, అని. ఆమె రాసిందేమో — ఎవరు ఏది నొక్కినా వినకు, అని. ఊరు నొక్కితే వినకపోవడం మంచిదే. కానీ ఆవు అన్నా వినడం లేదు, బర్రె అన్నా వినడం లేదు. సంఘంలోని పాలన్నీ ఒక్క డ్రమ్ములో పోసినట్టు ఒకే సగటు చూపిస్తూ కూర్చుంది.

"అంటే మా ఆవును బర్రె పక్కన నిలబెట్టి ఎత్తు సూసినవ్."

"అవు తాతా. నాదే తప్పు." తలొంచుకుంది. "ఆవుపాల ఊరు ఏదైనా ఎర్రగనే వస్తది. బర్రెపాల ఊరు ఏదైనా పచ్చగనే వస్తది. జర నీళ్ళు పోసినా పచ్చగనే."

నీళ్ళు అనగానే నా చెవులు నిక్కాయి.

"సక్కగ చెయ్యి" అన్నాను.

"ఒక్క లైనే." మార్చింది. ఆవు నొక్కింది. కుడి అంకె కదిలింది! కిందికి దిగింది. రాళ్ళగూడ దాని మీద నిలబడింది. పచ్చ రంగు.

"ఇప్పుడు చింతలపేట నొక్కు." బామ్మర్ది ఊరు. ఊరి ముందు పెద్ద చెరువు, అన్నీ బర్రెలు. నొక్కింది. ఇప్పుడు బర్రెలకు బర్రెలతోనే కొలత. కుడి అంకె పైకి ఎక్కింది. చింతలపేట కింద ఉండిపోయింది. ఎర్ర రంగు.

నవ్వాను. ఎన్నాళ్ళకు! కింద చెప్పుల దుకాణం వాడికి కూడా వినపడి ఉంటుంది.

పిల్ల ఫోన్ తీసింది. "ఛైర్మన్ సార్‌కు ఇప్పుడే చెప్త."

"చెప్పకు."

"ఎందుకు?"

"మహాసభల చెప్పు. ఎక్కడ నవ్విండ్రో అక్కడ."

"నా తప్పును గన్ని రోజులు దాచుమంటరా?"

"దాచుడు కాదు, ఆగుడు. నీ మీద ఒర్రనీకి వచ్చిన. ఒర్రకుంట పోతున్న. గంత చెయ్యవా?"

ఫోన్ బల్ల మీద పెట్టేసింది. "సరే తాతా. మహాసభ దాకనే. తర్వాత ఒక్క పూట గూడ ఆగ" అంది. చాయ్ తెప్పించింది. తాగాను.

ఆగస్టు 12

మంచి నిద్ర పట్టింది.

సభలో అనాల్సిన మాట తయారు చేసుకున్నాను. "చెరువు ఊరు గద నర్సిమ్మా... మీ బర్రెలు ఈదుకుంటనే పాలిస్తున్నయా?" పెరట్లో ఆవుల ముందు నిలబడి రెండు మూడు తీర్లుగా అని చూశాను. నెమ్మదిగా అంటేనే బాగుంది. మైకు అడిగి తీసుకోవాలి. అడిగినప్పుడు వాడే ఇవ్వాలి, వాడి చేత్తో.

ఆగస్టు 13

లచ్చవ్వ — "ఏందయ్యా, ఒక్కనివే నవ్వుకుంటున్నవ్?"

"పాలు చిక్కగైనయి" అన్నాను.

ఆగస్టు 15, శుక్రవారం

సెంటర్ ముందు జెండా ఎగరేశాను. పిప్పరమెంట్లు పంచాను. అప్పుడే ఫోన్, సంఘం ఆఫీసు నుంచి. రేపటి నుంచి రాళ్ళగూడకు పాల బండి రాదు. మహాసభ తీర్మానం అయ్యేదాకా ఎర్ర ఊర్లన్నింటికీ బండి బంద్. ఛైర్మన్ మాట.

మంచిది. ఎంత ఎత్తుకు ఎక్కితే అంత పైనుంచి పడతాడు.

ఆగస్టు 16

బండి రాలేదు. జనం క్యాన్లు పట్టుకుని నిలబడి నిలబడి పోయారు.

ఆగస్టు 18, సోమవారం

ఇంట్లో ఎక్కడ చూసినా పెరుగు. ఊరంతా అదే. మల్లక్క పాల బిందె తెచ్చి మా అరుగు మీద పెట్టింది. "ఏం జెయ్యాలె పటేలా గీ పాలు? నీ మీసాలకు రాస్తవా?"

"నాలుగు రోజులు ఆగు మల్లక్కా."

"ఆవు ఆగుతదా?"

ఆవు ఆగదు. నిజమే. నేను ఒక్క ఫోన్ చేస్తే రేపు పొద్దునకు బండి వస్తుంది. చేయను. ఇప్పుడు చేస్తే వాడు లోపల్లోపలే సర్దుకుంటాడు. "చిన్న పొరపాటు బావా" అని భుజం తడతాడు. నవ్వినవాళ్ళంతా అట్లాగే ఉండిపోతారు.

మధ్యాహ్నం సబీహా ఫోన్. "తాతా, బండ్లు ఆపిండ్రట. నా వల్లనే. చెప్పేస్త."

"మాటిచ్చినవ్."

"అవు, కాని గా పాలు..."

"మా పాలు. మా నష్టం. మాకు లేని ఫికర్ నీకెందుకు?"

కట్ చేశాను. వేరే ఆవు ఊర్లూ ఉన్నాయి. వాళ్ళకు ఫికర్ ఉంటుంది. అది నేను అనలేదు, ఆమె కూడా అనలేదు.

ఆగస్టు 19

పెరుగు కుక్కలకు పోశాం.

ఆగస్టు 20, బుధవారం

సబీహా మళ్ళీ ఫోన్ చేసింది. గొంతులో హుషారు. మహాసభ కోసం తెర సిద్ధం చేస్తోందట. ఇప్పుడు ఊరి మీద నొక్కితే ఆ ఊర్లో పాలు పోసేవాళ్ళ పేర్లు కిందికి దిగుతాయట. ఎవరి పాలు ఎంతో పేరు పేరునా కనిపిస్తుందట.

"చింతలపేట దించి సూసిన తాతా. ఊరంతా మంచిగనే ఉన్నరు. ఒక్క ఇల్లే కిందికి గుంజుతుంది. గా ఇంటోళ్ళే అందరికంటె ఎక్కువ పాలు పోస్తరు. అందుకే ఊరు ఎర్రగైంది. ఎవరి ఇల్లో తెల్సా?"

"చెప్పు."

"ఛైర్మన్ సాబ్ ఇల్లే!"

నేను లేచి నిలబడ్డాను. మంచం కోడు తగిలింది, నొప్పి తెలియలేదు. వాడి ఇల్లు! బోరు పిండేవాడు వాడే! మొక్కిన దేవుళ్ళందరికీ పేరు పేరునా దండం పెట్టుకున్నాను. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఆయన పేరు లేదు గని, ఆడ సభ్యుల కిందుంది. కోడలట. స్వరూప."

...

"తాతా? ఉన్నరా?"

"ఉన్న."

"గీ పేరు తెర మీద దించితే ఛైర్మన్ పని ఖతం" అంది.

నా బిడ్డ అని ఆమెకు తెలియదు. చెప్పలేదు. సంఘంలో పాలు పోసే ఖాతా ఆడవాళ్ళ పేరు మీదే ఉండాలని రూలు పెట్టినప్పుడు, ఇంటికి వచ్చిన కోడలని నర్సింహారెడ్డి ముచ్చటగా దాని పేరే రాయించాడు. అప్పుడు నేను కూడా సంతోషపడ్డాను.

ఆగస్టు 21

పాలు పోసేది స్వరూప. పేరు స్వరూపది. నీళ్ళు?

నా కడుపున పుట్టింది నీళ్ళు కలపదు.

ఆగస్టు 22, శుక్రవారం

పొలాల పండుగ. ఎద్దులు కడిగి, కొమ్ములకు రంగు పూసి, గజ్జెలు కట్టి ఆంజనేయుడి గుడి చుట్టూ తిప్పించాను. ఆ పని అయ్యాక చింతలపేటకు పోయాను. అలిగిన మనిషి వచ్చాడని వాళ్ళింట్లో సందడి. నర్సింహారెడ్డి ఎద్దులతో గుడి దగ్గరే ఉన్నాడు. వాడి పెండ్లాం అనసూయ ఎదురొచ్చింది, నాకు చెల్లె వరస. "అన్నా, అలకపాన్పు దిగినవా? పూర్ణాలు తిందువు రా."

"బిడ్డను సూసొస్త చెల్లె" అన్నాను. కొట్టంలోకి పోయాను.

స్వరూప బర్రెలకు గడ్డి వేస్తోంది. చెమట. అడిగేశాను.

"పాలల్ల నీళ్ళు ఎవరు పోస్తుండ్రు?"

గడ్డి మోపు చేతిలోనే ఉంది. "ఎవరు చెప్పిండ్రు బాపూ?"

"ఎవరు పోస్తుండ్రు అంటున్న."

తలుపు వైపు చూసింది. "అత్త పోస్తది. క్యాను నేను మోస్త. పేరు నాది."

"మీ మామకు ఎరుకేనా?"

"తెల్వది. తెలిస్తే ఊకుంటడా? ఊరందరికి నీతులు చెప్పే మనిషి."

"మరి నువ్వేం చేస్తున్నవ్?"

"వద్దత్తా అన్న. రెండు మూడు సార్లన్న. గంతగనం మీ బాపు తీరుగ చెయ్యకు అన్నది." నవ్వింది. నవ్వు కాదది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు సక్కగ మైకు దగ్గరికి పోతవ్ గద."

బర్రె నా ధోతి నాకుతోంది. స్వరూపే మళ్ళీ — "మహాసభకు నేను గూడ వస్తున్న బాపూ. ఆడ సభ్యులందరు రావాలెనట. మామనే చెప్పిండు."

పూర్ణాలు తిన్నాను. అనసూయ నెయ్యి పోసింది. పోసే చేతినే చూస్తూ కూర్చున్నాను.

ఆగస్టు 23

సబీహాకు ఫోన్ చేశాను. "ఊరు దాక సూపియ్యి. పేర్లు దించకు."

"ఎందుకు తాతా? గదే గద అసలుది?"

"వద్దంటే వద్దు."

"సరే. మీరు అంటేనే దించుత" అంది.

పేరు దిగితే ఏమవుతుంది? స్వరూప — రాజిరెడ్డి బిడ్డ. అట్లాగే అంటారు. తండ్రి బోరు పిండిండు, బిడ్డ చెరువు పిండింది. అనసూయ పేరు ఎక్కడా ఉండదు. నేను నోరు విప్పి నిజం చెప్తే వియ్యపురాలి మీద తోస్తున్నాడంటారు. బిడ్డ మళ్ళీ అదే ఇంటికి పోవాలి, అదే కొట్టంలోకి.

పేరు దించకపోతే? ఊరు ఎర్రగా ఉంటుంది, వాడి తల వంగుతుంది. నాకు అది చాలు. చాలాలి.

లచ్చవ్వకు అంతా చెప్పాను. ఇన్నేళ్ళలో ఇట్లా కూర్చోబెట్టి చెప్పింది లేదు. ఏడ్చింది. తర్వాత కొంగుతో తుడుచుకుని — "మా తమ్ముణ్ణి పక్కకు పిల్చి చెవుల చెప్పు. ఒక్క మాట. ఇంట్లనే సక్కబెట్టుకుంటడు."

"వాడు మైకుల అంటే నేను చెవుల చెప్పాల్నా?"

"నీ బిడ్డ కోసం."

"నా బిడ్డ కోసమే పేర్లు వద్దన్న. ఇంక నన్ను కిందికి గుంజకు."

ఆగస్టు 24

లచ్చవ్వ మాట్లాడటం లేదు. ధోతి మాత్రం ఇస్త్రీ చేసి పెట్టింది.

ఆగస్టు 25, సోమవారం

బెల్లంపల్లి. మహాసభ. చాయ్ కోసం ఆపారు. హాలు బయట అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి.

అయింది. అనుకున్నది అనుకున్నట్టే అయింది. సబీహా లేచి మైకు తీసుకుంది. "తప్పు నాది. కుడి దిక్కు అంకెకు ఆవు, బర్రె తేడా చెప్పలే. మీ అందరి ముంగట మాఫీ అడుగుతున్న" అని చేతులు జోడించింది. తెర మీద ఆవు నొక్కింది. కుడి అంకె కిందికి దిగింది. రాళ్ళగూడ పచ్చ. ఆవు ఊర్లన్నీ ఒక్కొక్కటే పచ్చ. చప్పట్లు. వెనక నుంచి మల్లక్క ఈల వేసింది. ఆమెకు ఈల వచ్చని నాకు తెలియదు.

తర్వాత ఎవరో అరిచారు — "ఛైర్మన్ ఊరు నొక్కు!" నేను కాదు. నొక్కింది. ఎర్ర రంగు.

లేచాను. మైకు అడిగాను. వాడే తెచ్చి ఇచ్చాడు, వాడి చేత్తో. నెమ్మదిగా అన్నాను. "చెరువు ఊరు గద నర్సిమ్మా... మీ బర్రెలు ఈదుకుంటనే పాలిస్తున్నయా?"

హాలు దద్దరిల్లింది. అంత నవ్వు ఆ రోజు కూడా లేదు. వాడి ముఖం... చూశాను. కడుపు నిండింది. అబద్ధం ఎందుకు, నిండింది.

కానీ వాడు మైకు మళ్ళీ తీసుకున్నాడు. తగ్గలేదు. "నా ఊర్ల గా పని చేసినోళ్ళు ఎవరైనా సరే. పేర్లు వస్తయంట గద, దించుండ్రి. అందరి ముంగట దించుండ్రి. నా ఇంటోళ్ళైనా సరే, సభ్యత్వం తీసేస్త." నన్ను చూసి నవ్వినవాళ్ళే వాడికి చప్పట్లు కొట్టారు. చాయ్ తాగి వచ్చాక పేర్లు అన్నారు.

వాడికి నిజంగానే తెలియదు.

ఇందాక సబీహా వచ్చింది. "తాతా, ఇప్పుడు ఛైర్మన్ సాబే దించుమంటుండు. మీరు వద్దన్నరు. నేనేం చెయ్యాలె?" ఆగమన్నాను. ఎందాకా అంది. చెప్పలేదు. లోపలికి పోయింది. కిటికీలోంచి ఇటే చూస్తోంది.

స్వరూప చాయ్‌కి బయటికి రాలేదు. ఆడవాళ్ళ వరసలో మొదటి కుర్చీలో, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఖాళీ తెర వైపు చూస్తూ కూర్చుంది. పక్కన అనసూయ. అనసూయ ముఖం తెల్లగా ఉంది.

నేను ఏమీ చేయనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. వాడు అడిగాడు, వాడి చేతులతో వాడే...

వాడు వచ్చాడు. రెండు కప్పులు చేతిలో. ఒకటి నాకు పెట్టాడు. పక్కనే అరుగు మీద కూర్చున్నాడు, మోకాలు మోకాలికి తగిలేటట్టు.

"బావా, గా మాట అనకుంట ఉండాల్సుండె. తప్పైంది. గా దొంగ పేరు పడనియ్యి, మైకులనే చెప్త — మా బావ సొక్కం, నీళ్ళు కలిపెటోడు కాదని."

చాయ్ మీద పొర కడుతోంది. వాడు ఊదుకుంటున్నాడు. చెవి జానెడు దూరంలో ఉంది. లోపల కుర్చీలు సర్దుతున్న చప్పుడు, రండి రండి అని పిలుస్తున్నారు. నోట్లో మాట ఉంది. నాలుక మీదే ఉంది. వాడి వైపు చూడకుండా రాస్తున్నాను.

"ఏం రాస్తున్నవ్ బావా గంతగనం? లే, పోదాం" అంటున్నాడు.